తొరక కట్టిన టీ

ఆ వీధిలో ఆ అక్కాచెల్లెళ్ళను పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు. అక్క కత్తెర, చెల్లెలు సూది. అక్క గుడ్డ కత్తిరిస్తుంది, చెల్లెలు కుడుతుంది కాబట్టి ఆ పేర్లు వచ్చాయని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. పాతవాళ్ళను అడిగి చూడండి, ముసిముసిగా నవ్వుతారు. కత్తెర అన్నది అక్క చేతిలో ఉన్నదాన్ని చూసి పెట్టిన పేరు కాదు, నోట్లో ఉన్నదాన్ని చూసి పెట్టింది.

ముందు గదిలో షాపు, వెనక గదిలో కాపురం, మధ్యలో ఒక తెర. కటింగ్ బల్ల కిటికీ కింద, మిషను తలుపు పక్కన. ఇరవై ఏళ్ళ కిందట భర్త పోయి, ఒక పెట్టె, ఒక కుట్టుమిషను పట్టుకుని సూది ఈ గుమ్మం ముందు నిలబడ్డప్పుడు కత్తెర ఓదార్చలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. "మిషను తలుపు పక్కన పెట్టు, వెలుతురు బాగుంటుంది" అంది, అంతే. ఆ రోజు నుంచి ఇద్దరిదీ ఒకే పొయ్యి, ఒకే షాపు. స్కూలు పిల్లల యూనిఫారాలు, ఆసుపత్రివాళ్ళ తెల్లకోట్లు, వీధిలోవాళ్ళ చిల్లర కుట్లు. అక్కకిప్పుడు యాభై ఎనిమిది, చెల్లెలికి యాభై రెండు.

ఇక అలకల సంగతి. ఆ ఇంట్లో అలకకి కూడా ఒక పద్ధతి ఉంది. వాళ్ళమ్మ పెట్టి పోయిన పద్ధతి అది. ఒకళ్ళు అలిగితే రెండోవాళ్ళు బతిమాలకూడదు, ఏమైందని గుచ్చి గుచ్చి అడగకూడదు. రోజూ పొద్దున, సాయంత్రం టీ మాత్రం పోసి వాళ్ళ ముందు పెట్టాలి. తాగారా, అలక తీరినట్టు. తాగలేదా, టీ చల్లారి, పైన తొరక కడుతుంది. ఆ తొరక చూసి, ఇవాళ్టికి ఇంతేలే అనుకుని గ్లాసు తీసి కడిగేసుకోవాలి. అమ్మ ఎంత తెలివైనదో చూడండి, ఇంట్లో అరుపులు లేకుండా ఒక్క గ్లాసుతో సరిపెట్టేసింది. అక్కాచెల్లెళ్ళ అలకల్లో అన్నిటికన్నా పెద్దది పదకొండు రోజులు నడిచింది, అదీ బొత్తాల కాజాలు అడ్డంగా తియ్యాలా నిలువుగా తియ్యాలా అన్నదాని మీద.

ఈ కథలో అలక వేరు. అది ఎలా మొదలైందో చెప్తాను.

స్కూలు పెద్దటీచరు తనకొక కోటు కుట్టించుకుందామని వచ్చింది. చాలా ఏళ్ళుగా ఆ స్కూలు యూనిఫారాలన్నీ వీళ్ళ చేతిమీదుగానే వెళ్తున్నాయి. ఆవిడ కుర్చీలో కూర్చుని, "పాత కొలతలే ఉంచండి, నేనేం మారలేదు" అంది. కత్తెర ఆవిడను లేపి, నడుం చుట్టూ టేపు తిప్పి, రెండు కొసలూ ఎంత దూరంలో ఆగాయో వేళ్ళతో చూపించింది.

"మీరేం మారలేదండీ. టేపే కుదించుకుపోయింది. దీనికి మొహమాటం తెలీదు పాపం."

పెద్దటీచరు మొహం కందగడ్డ అయింది. గుడ్డ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. వారం తిరక్కుండానే ఆ ఏడాది యూనిఫారాల పని ఇంకో వీధికి వెళ్ళిపోయిందని కబురొచ్చింది.

సూది మామూలుగా నోరెత్తే మనిషి కాదు. ఆ సాయంత్రం మాత్రం మిషను మీద నుంచి లేచి, చేతిలో ఉన్న చొక్కా నేలకేసి కొట్టింది. "ఇరవై ఏళ్ళుగా నేను కుట్టుకుంటూ వస్తుంటే నువ్వు నోటితో చింపుకుంటూ వస్తున్నావు! నీ నోరు మూతపడితే తప్ప ఈ షాపు బాగుపడదే అక్కా!"

కత్తెర సుద్దముక్క డబ్బాలో పడేసి తెర వెనక్కి వెళ్ళిపోయింది.

మర్నాటి పొద్దున్నుంచీ ఆమె మాట్లాడటం మానేసింది.

అలిగిందన్నమాట, అనుకుంది సూది. అలగనీ, ఈసారి నేనే తగ్గాలా, మాట పడాల్సింది తనైతే, అనుకుంటూ టీ పోసి కటింగ్ బల్ల మీద పెట్టింది. కత్తెర ఆ గ్లాసు వంక చాలాసేపు చూసింది. తర్వాత బల్ల మీద పరిచిన గుడ్డ మీద సుద్దతో ఏదో రాసి, చెల్లెల్ని రమ్మని చేత్తో సైగ చేసింది. సూదికి ఒళ్ళు మండింది. మాటలకి దిక్కులేదు గానీ రాతలొకటా? "నోరుంది కదా, నోటితో చెప్పు" అని, అందులో ఏముందో చదవకుండానే అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొసదాకా తుడిచేసింది. కత్తెర మళ్ళీ రాయలేదు.

ఆ తర్వాత జరిగిందే వింత. కత్తెర గ్లాసు తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది, సింకు ముందు వీపు ఇటు తిప్పి నిలబడింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. తిరిగి వచ్చేసరికి గ్లాసు ఖాళీ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గ్లాసు ఖాళీ అయితే అలక తీరినట్టే కదా, మరి మాటేదీ? రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. అప్పుడు సూదికి అర్థమైంది, అంటే అర్థమైందని అనుకుంది. టీ సింకులో పారబోస్తోంది! తొరక కట్టనిచ్చినా అదొక మర్యాద. అమ్మ పెట్టిన పద్ధతిని కూడా సింకులో పోసేస్తోంది ఈ మహాతల్లి!

సూది మెత్తని మనిషే గాని, మొండికేసిందంటే ఇక దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. నువ్వు పారబోస్తూ ఉండు, నేను పోస్తూనే ఉంటాను, చూద్దాం ఎవరు ముందు అలిసిపోతారో, అనుకుంది. పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఒక్క పూట మానలేదు. పైగా పొగలు కక్కుతున్న టీ పట్టుకొచ్చి పెట్టేది, గ్లాసు పట్టుకుంటే వేళ్ళు చురుక్కుమనాలని.

అలా నాలుగు నెలలు.

ఆ నాలుగు నెలల్లో కత్తెర చిక్కి సగమైంది. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. సూది చూసింది, చూడలేదని ఎలా అంటాం? పంతం, అనుకుంది. గుడ్డ కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఆగిపోయి, ఎడమ దవడ కింద, చెవి దగ్గర వేళ్ళు పెట్టి, కదలకుండా కళ్ళు మూసుకుని నిలబడేది. నాటకం, అనుకుంది. ఆవులింత వస్తే కత్తెర నోరు గట్టిగా బిగబట్టుకునేది. అదేం పొగరో, అనుకుంది. ఒకరోజు ఎక్కడికో వెళ్ళి బుగ్గ వాచి తిరిగొచ్చింది, రెండు దవడ పళ్ళు తీయించుకుంది. ఆ సంగతి సూదికి నోటితో ఎవరూ చెప్పలేదు. చెత్తబుట్టలో దూదిలో చుట్టిన పళ్ళు చూసి తెలుసుకుంది. పళ్ళు నొప్పెడితే చెప్పొచ్చు కదా, నేనంత పరాయిదాన్నయ్యానా, అని కడుపు మండిపోయి, ఆ సాయంత్రం టీ ఇంకాస్త మరిగించింది.

ఎంత కళ్ళు మూసుకుపోయినా ఇంత మూసుకుపోతాయా అని మీరు అడగొచ్చు. మూసుకుపోతాయి. అవతలి మనిషి గురించి మనకంతా తెలుసనుకున్నప్పుడే ఎక్కువ మూసుకుపోతాయి.

ఒక సాయంత్రం ఆసుపత్రి నర్సు కోటు సరిపోతుందో లేదో తొడిగి చూసుకోవడానికి వచ్చింది. అద్దం ముందు నిలబడి భుజాలు సవరించుకుంటోంది. సూది మిషను మీద ఉంది. కత్తెర గ్లాసు పట్టుకుని తెర వెనక్కి వెళ్ళింది. కాసేపటికి లోపల గ్లాసు భళ్ళున పగిలిన చప్పుడైంది.

ఇప్పుడు గ్లాసులు కూడా పగలగొడుతోందన్నమాట, అనుకుంది సూది. మిషను ఆపలేదు. చేతిలో ఉన్న కుట్టు చివరిదాకా కుట్టింది, దారం కొరికింది.

ఆలోగా నర్సు పరిగెత్తింది. "అయ్యో, ఇలా రండీ! పడిపోయారు!" అన్న అరుపు విని సూది తెర తొలగించుకుని వెళ్ళేసరికి, కత్తెర సింకు కింద గాజుపెంకుల మధ్య పడి ఉంది. మొహం తెల్లగుడ్డలా పాలిపోయి ఉంది. నర్సు ఆమె మెడ మీద రెండు వేళ్ళు పెట్టి, తన చేతి గడియారం వంక చూస్తూ, "కొట్టుకోవడం లేదు... ఉండండి... ఆఁ, కొట్టుకుంటోంది, మెల్లగా" అంది. సూది కూలబడి అక్క తల ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు చూసింది సింకు వంక. అది పొడిగా ఉంది. టీ ఆనవాలు చుక్కైనా లేదు. ఉన్న టీ అంతా అక్క చీర మీద, నేల మీద, అక్క పెదవుల మీద ఉంది.

నర్సు తను పనిచేసే చోటికే తీసుకెళ్ళింది. అక్కడ నరాల డాక్టరమ్మ ఒకావిడ. జుట్టంతా నెరిసినా చురుగ్గా ఉంది. కత్తెర ఛాతీకి తీగలు అంటించి, గుండె గీతలు గీసే యంత్రానికి తగిలించి, "చిన్న గుక్క, చల్లటి నీళ్ళు. భయపడకండి, నేనిక్కడే ఉన్నాను" అంది.

కత్తెర నీళ్ళ గ్లాసు తీసుకుంది. అలవాటుగా వీపు తిప్పబోయింది. డాక్టరమ్మ భుజం పట్టుకుని ఆపి, "ఇటు తిరిగే తాగండి, నేను చూడాలి" అంది.

సూది మొదటిసారి చూసింది.

నీళ్ళు గొంతు దిగాయో లేదో, కత్తెర మొహం ఒక్క క్షణంలో వేరే మనిషి మొహమైపోయింది. ఎడమ కన్ను మూసుకుపోయింది, తల ఎడమ భుజం మీదికి ఒరిగింది. చెయ్యి దవడ కిందికి వెళ్ళింది గానీ తాకడానికి భయపడి గాల్లోనే ఆగిపోయింది. గొంతులోంచి చప్పుడు రాలేదు. ఆ చప్పుడు కూడా నొప్పేనని ఆమెకి తెలుసు కాబట్టి రానివ్వలేదు. కాలి వేళ్ళు చెప్పుల్లో ముడుచుకుపోయాయి. కన్నీళ్ళు వాటంతటవే జారుతున్నాయి. యంత్రం మీద గీతలు దూరం దూరమయ్యాయి, ఒకసారి కాసేపు గీత పడలేదు. నిమిషంలోపే అంతా తగ్గిపోయింది. కత్తెర గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"రోజుకి ఎన్నిసార్లు వస్తుంది?" అంది డాక్టరమ్మ.

కత్తెర రెండు చేతుల వేళ్ళూ చూపించి, మూసి, మళ్ళీ చూపించి, ఇక లెక్క లేదన్నట్టు చెయ్యి ఊపింది.

డాక్టరమ్మ సూది వైపు తిరిగింది. "ఇది పంటి నొప్పి కాదమ్మా, చెవి నొప్పీ కాదు. మెదడు నుంచి పన్నెండు జతల నరాలు బయల్దేరతాయి. అందులో తొమ్మిదోది గొంతుకీ, నాలుక వెనక భాగానికీ, చెవి లోపలికీ వెళ్తుంది. ఆ నరం నొప్పి ఇది. గ్లోసోఫారింజియల్ న్యూరాల్జియా అంటారు. చాలా అరుదు. మింగినా, మాట్లాడినా, దగ్గినా, ఆవులించినా, నవ్వినా కరెంటు కొట్టినట్టు ఒక పక్కే పొడుస్తుంది. కొన్ని సెకన్లు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు. అది పోయాక చూస్తే గొంతులో పుండుండదు, వాపుండదు. అందుకే పంటి డాక్టరు పళ్ళు పీకుతాడు, చెవి డాక్టరు ఏమీ లేదంటాడు."

"ఎందుకొచ్చింది డాక్టరమ్మా? నేను..." సూది అక్క చెయ్యి పట్టుకుంది. "నేనొక మాటన్నాను. నోరు మూతపడాలన్నాను. ఆ మర్నాటి నుంచే..."

"మాటలకి నరాలు దెబ్బతినవమ్మా. తల లోపల, ఆ నరం బయల్దేరే చోట, పక్కనున్న రక్తనాళం ఒక్కోసారి దాని మీదకి ఒరుగుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రాసుకుంటుంది. రాసుకుని రాసుకుని నరం పైపొర అరిగిపోతుంది. మీ మిషను మీద దారం ఒకే చోట ఒరుసుకుంటే పీచు రేగుతుంది చూశారా, అలాగ. కొందరికి చెవి కింద ఎముక ములుకు పొడుగ్గా పెరిగి గుచ్చుకుంటుంది, కొందరికి గడ్డ ఉంటుంది. స్కాన్ తీసి చూద్దాం. ఇంకో సంగతి, దీని పక్కనే పదో నరం ఉంది, దాని చేతిలో గుండె పగ్గాలుంటాయి. నొప్పి దానికి పాకితే గుండె నెమ్మదిస్తుంది, ఆగుతుంది కూడా. ఇవాళ పడిపోయింది అందుకే. తేలిగ్గా తీసుకోవడానికి లేదు."

తర్వాత డాక్టరమ్మ ఒక చిన్న మందు గొట్టం తీసింది. "గొంతులో తిమ్మిరి మందు కొడతాను. నొప్పి ఆ నరానిదే అయితే, మందు పనిచేసినంతసేపూ రాదు. అలా రూఢి చేసుకోవచ్చు. పదీ పదిహేను నిమిషాలు. మాట్లాడండి, ఏం ఫర్వాలేదు. ఏమీ తాగకండి మాత్రం."

మందు కొట్టారు. కాసేపు ఆగారు. డాక్టరమ్మ, "ఏదైనా మాట్లాడండి" అంది.

కత్తెర భయం భయంగా పెదవులు తెరిచింది. "ఆ..." అంది. ఆగింది. మెరుపులా కొట్టే ఆ నొప్పి కోసం ఎదురుచూసింది. రాలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. చెల్లెలి వైపు తిరిగింది. నాలుక మొద్దుబారి మాట ముద్దగా వస్తోంది, అయినా నాలుగు నెలలుగా లోపల ఆపుకున్నదంతా ఒక్కసారి బయటపడింది.

"నర్సుల కోట్ల జేబులు వంకరగా కుడుతున్నావే! నాలుగు నెలల్నుంచి చూస్తున్నా! ఎడమ జేబు పావంగుళం పైకి! కళ్ళజోడు మార్చుకోమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు? అంచులు కుట్టే ఆ ఓవర్‌లాక్ మిషనుకి నూనె ఎప్పుడు పెట్టావు? కీచుకీచుమని అరుస్తుంటే నీకు వినబడదా? నాకు చెవిలో పొడుస్తున్నా వినబడుతోంది!"

డాక్టరమ్మ నవ్వేసింది. సూది నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. తిట్లు వింటే ఇంత హాయిగా ఉంటుందని ఆమెకి తెలియదు. తిట్టు అక్కా, ఇంకా తిట్టు, అనుకుంది. కానీ గోడ మీద గడియారం కనబడుతోంది, నిమిషాలు పోతున్నాయి, అడగాల్సింది ఒకటి ఉంది.

"అక్కా, టీ... టీ పారబోశావు కదూ?"

"పారబొయ్యడమేంటే? తాగాను."

"అన్నీ?"

"అన్నీ."

"ఇంత నొప్పితోనా? ఎందుకు తాగావే?"

కత్తెర ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు చూసింది. "తాగకపోతే అలిగాననుకుంటావు కదా."

సూది లెక్క వేసుకుంది. నాలుగు నెలలు. రోజుకి రెండు గ్లాసులు. గ్లాసుకి ఎన్ని గుక్కలు? ఒక్కో గుక్కకీ ఇప్పుడు తను చూసిన ఆ మొహం. అలక లేదే చెల్లీ, లేదే చెల్లీ అని అక్క పూటపూటా ప్రాణం మీదికి తెచ్చుకుని చెబుతూంటే, తను టీ ఇంకాస్త మరిగించింది.

"మరి వీపు తిప్పుకుని ఎందుకు?"

"నా మొహం చూస్తే నువ్వు పొయ్యడం మానేసేదానివి."

"రాసి చెప్పొచ్చుగా అక్కా?"

"రాశాను. తుడిచేశావు." అందులో నిష్ఠూరం లేదు, కొలత చెప్పినట్టు చెప్పింది. "తర్వాత ఇద్దరు డాక్టర్లు ఏమీ లేదన్నారు. ఏమీ లేనిదాన్ని నీకేమని చెప్పను? లోపలేదో పుండనుకున్నాను. చెప్తే షాపు మూసేసి నా చుట్టూ తిరుగుతావు. ఎలాగూ పోయేదానికి..." మధ్యలో ఆగిపోయింది. చెయ్యి దవడ కిందికి వెళ్ళింది. మందు దిగిపోతోంది. సూది కంగారుగా లేచి, "చాలు, చాలక్కా, మాట్లాడకు" అని అక్క నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. అన్నేళ్ళలో అక్కని మాట్లాడొద్దని ప్రేమగా అనడం అదే మొదలు.

స్కాన్‌లో ఎముక మామూలుగానే ఉంది, గడ్డ లేదు. రక్తనాళమే నరాన్ని నొక్కుతోంది. మూర్ఛకి ఇచ్చే మాత్రలే దీనికీ ఇచ్చారు. మొదట చిన్న మోతాదు, తర్వాత పెంచుకుంటూ పోయారు. ఓ నెలన్నర బాగానే గడిచింది. కత్తెర మత్తుగా, తూలుతూ ఉన్నా మాట్లాడేది. జేబులు మళ్ళీ విప్పించి కుట్టించింది. సూది టీ చేయడం మానేసింది. అడిగితే, "నాకే తాగాలనిపించట్లేదు" అనేది. ఆ తర్వాత మాత్రలు పట్టు తప్పాయి. నొప్పి మళ్ళీ వచ్చింది, ఈసారి దానితో పాటు కళ్ళు తిరగడమూ వచ్చింది. రెండు రోజులు ఆసుపత్రిలో పెట్టి చూస్తే, ఒకసారి మింగినప్పుడు గుండె ఏడు సెకన్లు ఆగింది.

"ఆపరేషనే మంచిది" అంది డాక్టరమ్మ. "చెవి వెనక చిన్న రంధ్రం చేసి, రక్తనాళాన్ని పక్కకి జరిపి, నరానికీ దానికీ మధ్య మెత్తలాంటిది పెడతారు. చాలామందికి నొప్పి పూర్తిగా పోతుంది. కానీ అక్కడ నరాలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఏ కొద్దిమందికో మింగడం, మాట దెబ్బతింటాయి. కొందరికి మళ్ళీ వస్తాయి, కొందరికి రావు. ఇదంతా మీకు ముందే చెప్పాలి."

సూది వద్దంది. మాత్రలు మార్చి చూద్దామంది. కత్తెర ఒప్పుకోలు కాగితం తన వైపు లాక్కుని సంతకం పెట్టేసింది. పెట్టి, ఒక్కో మాటా ఆగి ఆగి, దవడ బిగించి అంది: "గుక్క గుక్కకీ చావలేనే. ఒక్కసారి హాయిగా టీ తాగాలి, నీకు ఎదురుగా కూర్చుని."

షాపులో గాని, ఇంట్లో గాని, ఎక్కడైనా కత్తెర నోటి నుంచి సూది విన్న చివరి మాటలు అవే.

ఆపరేషన్‌లో ఏ తప్పూ జరగలేదు. రక్తనాళం జరిగింది, మెత్త కూర్చుంది. నొప్పి తీసేసినట్టు పోయింది. కత్తెర తెలివొచ్చాక చెవి మీద, దవడ మీద వేళ్ళతో గట్టిగా నొక్కి చూసుకుని, నొప్పి లేదన్నట్టు చెయ్యి ఊపింది. చెల్లెల్ని పిలవబోయింది. గాలి వచ్చింది గాని గొంతు రాలేదు. నర్సు చెంచాతో నీళ్ళు పోస్తే అవి లోపలికి వెళ్ళాల్సిన దారి తప్పాయి, ఊపిరి ఆడక ఆమె నీలంగా అయిపోయింది. మాటనీ మింగడాన్నీ కూడా నడిపే ఆ పదో నరం ఆపరేషన్ని తట్టుకోలేకపోయింది, అంతే. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. "ఆరు నెలలు చూద్దాం" అంది డాక్టరమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ సూది కళ్ళలోకి చూడలేదు.

మూడు వారాలకి ఇంటికొచ్చారు. మర్నాడే కత్తెర కటింగ్ బల్ల ముందు నిలబడింది, గొట్టాన్ని బుగ్గకి ప్లాస్టరుతో అంటించుకుని. చెయ్యి మాత్రం ఎప్పటి చెయ్యే. చేతిలో కత్తెర గుడ్డలోకి దిగితే గీత తప్పదు. షాపు నిశ్శబ్దంగా ఉండేది. వచ్చేవాళ్ళకి ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. నోరు మూతపడితే షాపు బాగుపడుతుందన్న తన మాట సూది చెవిలో రోజంతా తిరుగుతూ ఉండేది. నరానికీ మాటకీ సంబంధం లేదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా, ఆ మాట అన్నది డాక్టరమ్మ కాదు కదా.

ఒకరోజు పెద్దటీచరు వచ్చింది. ఎవరో చెప్పారట. పాత గుడ్డే మళ్ళీ చంకలో పెట్టుకొచ్చింది. ఎక్కడా కుట్టించలేదు. "కొలతలు తీసుకోండి" అని బుద్ధిగా చేతులు చాపి నిలబడింది. కత్తెర నడుం చుట్టూ టేపు తిప్పింది. రెండు కొసలూ ఎక్కడ ఆగాయో చూసింది, కనుబొమలు పైకి లేపింది, పెదవులు కదిలాయి. గాలి బుస్సుమంది.

మిషను మీద నుంచి సూది అంది: "టేపు ఇంకా కుదించుకుపోయిందండీ. దీనికి మొహమాటం తెలీదు పాపం."

కత్తెర చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వింది. పెద్దటీచరూ నవ్వబోయింది, నవ్వలేకపోయింది. కళ్ళు ఒత్తుకుంటూ, "ఆ మాట ఆవిడంటేనే బాగుంటుందమ్మా" అంది.

ఆవిడ వెళ్ళాక కత్తెర తెర వెనక్కి వెళ్ళి రెండు గ్లాసులు పట్టుకొచ్చి మిషను మీద పెట్టింది. సూదికి అర్థమైంది, తల అడ్డంగా ఊపింది. "నువ్వు తాగలేవు కదక్కా. నీ ముందు నేనెలా తాగుతాను?" కత్తెర గ్లాసులు మళ్ళీ ముందుకి తోసింది. కళ్ళలో పాత పెంకితనం. ఇక తప్పక సూది వెళ్ళి టీ చేసింది. ఎన్ని నెలలకో చేసింది. రెండు గ్లాసుల్లోనూ పోసింది. కత్తెర స్టూలు లాక్కుని బల్లకి అటువైపు, చెల్లెలికి ఎదురుగా కూర్చుంది. ఆమె కోరింది ఇదే కదా, ఎదురుగా కూర్చోవడం.

సూది గుక్క తాగింది. నొప్పి లేకుండా టీ గొంతు దిగింది. అది ఎంత పెద్ద సంగతో ఆమెకి ఈ మధ్యే తెలిసింది. కత్తెర తన గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని, వెచ్చదనం అరచేతుల్లోకి పట్టించుకుంది, పొగ మొహానికి తగిలేలా వంగింది. కాసేపటికి బల్ల మీద పెట్టేసింది. పొగ ఆగిపోయింది. టీ మీద మెల్లగా తొరక కట్టసాగింది, ముందు అంచుల దగ్గర, తర్వాత మధ్యలో.

ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. ఆ ఇంట్లో తొరక కట్టిన టీకి ఒక్కటే అర్థం, వాళ్ళకి ఊహ తెలిసినప్పట్నుంచీ అంతే.

కత్తెర డబ్బాలోంచి సుద్దముక్క తీసింది. గ్లాసు పక్కన, బల్ల చెక్క మీద, కొలతలు రాసే చిన్న చిన్న అక్షరాలతో రాసింది.

అలక కాదు.

సూది చెయ్యి అలవాటుగా లేచింది, ఆ రాత దగ్గరదాకా వెళ్ళి ఆగింది. రాతను తుడవలేదు. తన గ్లాసు పక్కన పెట్టి, అక్క గ్లాసు తీసుకుని, తొరకతో సహా ఆ చల్లారిన టీ అంతా ఒక్కొక్క గుక్కే తాగింది, అక్కకి ఎదురుగా, మొహం తిప్పుకోకుండా.

మర్నాడు గుడ్డ పరవాల్సి వచ్చి కత్తెరే ఆ రాతను మోచేత్తో తుడిచేసింది. సాయంత్రం టీ పెట్టగానే మళ్ళీ రాసింది.